ఆఫీసు మీమ్‌లు: నవ్వు వెనుక ఉన్న పని ప్రపంచం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• మీమ్ అనే పదం ఎలా పుట్టింది, ఇంటర్నెట్ మీమ్‌కు ఉండే లక్షణాలు ఏమిటి
• విమర్శనాత్మక సిద్ధాంతం మామూలు వివరణకు ఎలా భిన్నమైనది
• పరాయీకరణ, అర్థంలేని పని, భావోద్వేగ శ్రమ అనే భావనలను ఆఫీసు మీమ్‌లకు ఎలా అన్వయించాలి
• ఉద్యోగుల నవ్వు ప్రతిఘటనా, ఓదార్పా అన్న చర్చలోని ప్రధాన వాదాలు
• ఒక మీమ్‌ను క్రమపద్ధతిలో ఎలా విశ్లేషించాలి

9.1 పరిచయం

ముందరి భాగాల్లో పత్రికలు, సినిమా, టెలివిజన్ వంటి ప్రసార సాధనాలను సామాజిక శాస్త్ర దృష్టితో ఎలా చూడాలో తెలుసుకున్నారు. ఈ భాగంలో అంతకంటే చిన్న వస్తువును తీసుకుంటున్నాం. అది మీ ఫోన్‌లో రోజూ కనిపించేదే.

దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేస్తూ ఉంటారు. ఆదివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వస్తుంది. బ్రహ్మానందం దిగులు ముఖం, పైన "రేపు సోమవారమని గుర్తొచ్చినప్పుడు" అనే మాట. మీరు నవ్వుతారు, ఇంకొక గ్రూపుకు పంపుతారు. సోమవారం ఉదయం యథావిధిగా ఉద్యోగానికి వెళతారు.

ఈ చిన్న సంఘటనలో మూడు ప్రశ్నలున్నాయి. ఎక్కడో ఎవరో చేసిన బొమ్మ మీ మనసులోని మాటను అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగింది? ఇంతమందికి సోమవారం అంటే ఎందుకు దిగులు? నవ్విన తరువాత ఏమీ మారకపోతే, ఆ నవ్వు ఎవరికి ఉపయోగపడింది? ఈ భాగం మొత్తం ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

9.2 మీమ్: పదం, రూపం

మీమ్ అనే పదాన్ని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో 'ది సెల్ఫిష్ జీన్' అనే పుస్తకంలో మొదటిసారి వాడారు. అనుకరణ అనే అర్థం ఇచ్చే గ్రీకు మాటను కుదించి, 'జీన్' అనే మాటకు ప్రాస కలిసేలా ఆయన దీన్ని తయారు చేశారు. జన్యువులు ఒక తరం నుంచి మరొక తరానికి చేరినట్లే రాగాలు, నానుడులు, ఫ్యాషన్లు ఒక మనిషి నుంచి మరొక మనిషికి అనుకరణ ద్వారా చేరతాయని ఆయన భావన. ఇంటర్నెట్ వచ్చాక ఈ పదం అర్థం మారింది. ఇప్పుడు మీమ్ అంటే చేతులు మారుతూ, మాటలు మారుతూ తిరిగే బొమ్మ లేదా చిన్న వీడియో.

ఇంటర్నెట్ మీమ్‌కు మూడు లక్షణాలున్నాయి.

1. తెలిసిన చట్రం: బొమ్మ అందరికీ ముందే తెలిసి ఉంటుంది. అందుకే వివరణ అక్కర లేకుండా అర్థమవుతుంది.
2. మారే మాట: బొమ్మ అదే ఉంటుంది, దానిపై రాత మారుతుంది. ప్రతి ఒక్కరూ తమ అనుభవాన్ని అందులో నింపవచ్చు.
3. కనిపించని కర్త: మొదట ఎవరు చేశారో సాధారణంగా తెలియదు. అడిగేవారూ ఉండరు.

మన సాహిత్యం చదివినవారికి ఈ లక్షణాలు కొత్తగా అనిపించవు. చాటు పద్యాలు కూడా నోటి నుంచి నోటికి తిరిగాయి. వాటిలో చాలావాటి కర్త ఎవరో తేలదు. రాజులను, కరణాలను, లోభులను వెక్కిరించే పద్యాలు వాటిలో ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు సేకరించి అచ్చు వేయించడం వల్ల కొన్ని మనకు మిగిలాయి. అధికారంలో ఉన్నవారి గురించి పేరు లేకుండా నవ్వడం మనకు పాత అలవాటే. చాటు పద్యం ఛందస్సును పట్టుకొని తిరిగితే, మీమ్ బొమ్మను పట్టుకొని తిరుగుతుంది.

ఆఫీసు మీమ్‌లలో కొన్ని చట్రాలు ప్రపంచమంతా ప్రసిద్ధం. 1999లో మైక్ జడ్జ్ తీసిన 'ఆఫీస్ స్పేస్' అనే అమెరికన్ సినిమాలో లంబర్గ్ అనే పై అధికారి చేతిలో కాఫీ కప్పుతో వచ్చి, ఎంతో మర్యాదగా, శనివారం కూడా పనికి రమ్మంటాడు. ఆ బొమ్మ నేటికీ తిరుగుతోంది. మంటల మధ్య కూర్చొని 'అంతా బాగానే ఉంది' అనుకొనే కుక్క బొమ్మ కె.సి. గ్రీన్ 2013లో వేసిన కామిక్ నుంచి వచ్చింది.

తెలుగులో ఆ స్థానం బ్రహ్మానందానిది. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేశారు. జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట'లో ఆయన వేసిన అరగుండు పాత్ర గుర్తు తెచ్చుకోండి. కోట శ్రీనివాసరావు నటించిన పరమ లోభి దగ్గర పనిచేసే మనిషి అతడు. యజమాని చేతిలో నలిగిపోవడం, లోపల ఉడికిపోవడం, రెండూ ఆ ముఖంలో ఒకేసారి కనబడతాయి. ఆఫీసు మీమ్‌కు కావలసిన ముఖం అదే.

9.3 విమర్శనాత్మక సిద్ధాంతం అడిగే ప్రశ్న

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1923లో సామాజిక పరిశోధన సంస్థ ఏర్పడింది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చాక అందులోని పండితులు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. సంస్థ న్యూయార్క్‌కు తరలింది. దాని సంచాలకుడు మాక్స్ హోర్కహైమర్ 1937లో రాసిన వ్యాసంలో సంప్రదాయ సిద్ధాంతానికి, విమర్శనాత్మక సిద్ధాంతానికి ఉన్న తేడాను వివరించాడు.

సంప్రదాయ సిద్ధాంతం ఉన్న ప్రపంచాన్ని ఉన్నట్లుగా తీసుకొని దాన్ని వర్ణిస్తుంది. విమర్శనాత్మక సిద్ధాంతం మరో అడుగు ముందుకు వేస్తుంది. ఈ ఏర్పాటు ఎలా వచ్చింది, దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఇది మారడానికి వీలుందా అని అడుగుతుంది. మనుషులు తమ చేతులతో కట్టుకున్న ఏర్పాటే వారికి ప్రకృతి నియమంలా కనబడడాన్ని అది ప్రశ్నిస్తుంది. 'ఉద్యోగమంటే అంతేలే' అనే మాట మనం రోజూ వింటాం. ఆ 'అంతేలే' దగ్గరే ఈ సిద్ధాంతం ఆగి ప్రశ్న వేస్తుంది.

ఇక్కడ మరొక భావన కూడా అవసరం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో 'సామాజిక శాస్త్ర కల్పనాశక్తి' గురించి రాస్తూ వ్యక్తిగత ఇబ్బందికి, బహిరంగ సమస్యకు తేడా చూపించాడు. ఒక ఊరిలో ఒక్కరికి పని లేకపోతే అది ఆ మనిషి ఇబ్బంది. వేలమందికి లేకపోతే అది సమాజ నిర్మాణానికి సంబంధించిన సమస్య. రాత్రి పదకొండింటికి వచ్చిన ఆఫీసు సందేశం చూసి గుండె దడదడలాడితే 'నాకు ధైర్యం చాలదు' అని మీరు అనుకోవచ్చు. అదే విషయంపై వచ్చిన మీమ్‌ను లక్షమంది పంచుకుంటే, అది ఒక్కరి బలహీనత కాదని తెలుస్తుంది. ఆఫీసు మీమ్ చేసే మొదటి మేలు ఇదే.

9.4 మూడు మీమ్‌లు, మూడు భావనలు

9.4.1 సోమవారం దిగులు: పరాయీకరణ

సోమవారాన్ని తిట్టే మీమ్‌లు, శుక్రవారం సాయంత్రాన్ని పండుగలా చూపే మీమ్‌లు లెక్కలేనన్ని. మనిషి సహజంగా బద్ధకస్తుడు కాబట్టి ఇలా అనుకుంటాడని కొందరంటారు. కానీ అదే మనిషి ఆదివారం నాడు ఇంటి పెరట్లో మొక్కలకు పాదులు తీస్తాడు, పిల్లల సైకిలు బాగుచేస్తాడు, ఊళ్ళో జాతర ఏర్పాట్లు చూస్తాడు. అది కూడా శ్రమే. అలసట వస్తుంది కానీ దిగులు రాదు. కాబట్టి బాధ పనిలో లేదు, ఆ పని జరిగే తీరులో ఉంది.

కార్ల్ మార్క్స్ 1844లో రాసుకున్న రాతప్రతుల్లో దీన్ని పరాయీకరణ అన్నాడు. అవి 1932లో గాని అచ్చు కాలేదు. పరాయీకరణకు నాలుగు ముఖాలున్నాయి. కాల్ సెంటర్ ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం.

• ఫలితం నుంచి: ఆమె శాంతపరచిన ఖాతాదారు, మిగిల్చిన వ్యాపారం ఆమెవి కావు. వాటి ఫలం కంపెనీకి చెందుతుంది.
• పని ప్రక్రియ నుంచి: ఏం మాట్లాడాలో, ఎన్ని నిమిషాల్లో ముగించాలో ముందే రాసి ఉంటుంది. ఆమె గొంతు ఆమెదే, మాట ఆమెది కాదు.
• మానవ స్వభావం నుంచి: ఆలోచించి, ఊహించి కొత్తది చేయగల శక్తి ఎనిమిది గంటలపాటు అక్కరకు రాదు.
• తోటి మనుషుల నుంచి: పక్క సీటులోని స్నేహితురాలు నెలాఖరు రేటింగ్ పట్టికలో పోటీదారు అవుతుంది.

సోమవారం మీమ్ ఈ నాలుగింటినీ ఒక్క ముఖంలో చూపిస్తుంది. జీవితం పని అయిపోయాక మొదలవుతుందన్న భావన అందులో ఉంది. మార్క్స్ చెప్పినదీ దాదాపు ఇదే.

9.4.2 ఒక్క ఈమెయిల్‌తో పోయే మీటింగ్: అర్థంలేని పని

'గంటన్నర మీటింగ్‌లో కూర్చున్నాక తెలిసింది, ఒక్క ఈమెయిల్ పంపితే సరిపోయేదని' అనే అర్థంలో తిరిగే మీమ్‌లు మీరు చూసే ఉంటారు. పని ఎక్కువైందన్న ఫిర్యాదు కాదు ఇది. చేస్తున్న పనికి అర్థం లేదన్న ఫిర్యాదు.

మానవ శాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ 2013లో ఒక చిన్న పత్రికలో ఈ విషయంపై రాసిన వ్యాసం ఎన్నో దేశాల్లో చర్చకు వచ్చింది. 2018లో అది పుస్తకమైంది. చేసేవారికే పనికిరానిదని అనిపించే ఉద్యోగాలు నేటి సమాజంలో పెరిగిపోయాయని ఆయన వాదన. ఎవరూ చదవని నివేదికలు తయారు చేయడం, పని జరిగినట్లు చూపడానికి గడులు నింపడం, పర్యవేక్షణ అక్కరలేనివారిని పర్యవేక్షించడం వంటివి ఆయన ఇచ్చిన రకాల్లో ఉన్నాయి. 2015లో బ్రిటన్‌లో జరిగిన ఒక అభిప్రాయ సేకరణలో 37 శాతం మంది తమ ఉద్యోగం వల్ల ప్రపంచానికి చెప్పుకోదగ్గ ఉపయోగం లేదన్నారు. గ్రేబర్ దాన్ని తన వాదనకు ఆధారంగా తీసుకున్నాడు.

అయితే 2021లో వెలువడిన ఒక అధ్యయనం ఐరోపా దేశాల ఉద్యోగుల సర్వేను పరిశీలించి, తమ పని నిరుపయోగమని భావించేవారు దాదాపు 5 శాతమేనని తేల్చింది. చెడ్డ అజమాయిషీ, గౌరవం లేకపోవడం, స్వేచ్ఛ లేకపోవడం ఉన్నచోట ఈ భావన ఎక్కువని, దీన్ని వివరించడానికి పరాయీకరణ భావనే మేలని ఆ పరిశోధకులు చెప్పారు.

ఈ చర్చ నుంచి మీరు గ్రహించవలసింది ఒకటుంది. మీమ్ ఒక అనుభూతికి సాక్ష్యం ఇస్తుంది. ఆ అనుభూతికి కారణం ఏమిటో అది నిరూపించదు. 'మీటింగ్ వ్యర్థం' అనే నవ్వు వెనుక ఉన్నది పని వ్యర్థం కావడమా, పనిపై మాట చెల్లకపోవడమా అన్నది విడిగా పరిశోధించవలసిన విషయం.

9.4.3 'మనమంతా ఒక కుటుంబం': భావజాలం, భావోద్వేగ శ్రమ

మరో రకం మీమ్‌లు ఇలా ఉంటాయి. ఉద్యోగి జీతం పెంచమని అడుగుతాడు. పై అధికారి చిరునవ్వుతో 'మనమంతా ఒక కుటుంబం కదా' అంటాడు. రెండో బొమ్మలో ఉద్యోగాల తొలగింపు లేఖ ఉంటుంది. ఇంకొన్నింటిలో జీతం పెంపు స్థానంలో పిజ్జా పార్టీ వస్తుంది.

కుటుంబం అనే మాట ఇక్కడ ఏ పని చేస్తోందో గమనించండి. ఉద్యోగం ఒక ఒప్పందం. ఇన్ని గంటల పనికి ఇంత జీతం అని అందులో ఉంటుంది. కుటుంబంలో లెక్కలు అడగరు. అన్నం వడ్డించినందుకు అమ్మకు ఎవరూ బిల్లు ఇవ్వరు. ఒప్పందాన్ని కుటుంబంగా పిలిస్తే, లెక్క అడగడమే తప్పు అవుతుంది. తన ప్రయోజనం కోసం ఉన్న ఏర్పాటును అందరి మంచి కోసం ఉన్నట్లు చూపే ఇటువంటి ఆలోచనలను భావజాలం అంటారు. ఒప్పందపు బొమ్మను, కుటుంబపు మాటను పక్కపక్కన పెట్టి మీమ్ ఆ తేడాను బయటపెడుతుంది. పుటలకొద్దీ విమర్శ చేసే పనిని రెండు బొమ్మలు చేస్తాయి.

దీనికి తోడు మరొక భావన ఉంది. ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో విమాన సేవికలపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. వారికి జీతం కేవలం భోజనం అందించినందుకు కాదు, చిరునవ్వుతో అందించినందుకు కూడా. మనసులోని కోపాన్ని అణచుకొని, ఉద్యోగానికి కావలసిన భావాన్ని చూపడాన్ని ఆమె భావోద్వేగ శ్రమ అన్నది. పైకి నటించడం ఒక పద్ధతి. ఆ భావం నిజంగానే కలిగేలా మనసును మలచుకోవడం మరొక పద్ధతి. 'లోపల నేను', 'మీటింగ్‌లో నేను' అని రెండు ముఖాలు చూపే మీమ్‌లన్నీ ఈ శ్రమ గురించే. బ్యాంకు కౌంటర్‌లో, ఆసుపత్రి రిసెప్షన్‌లో, బట్టల దుకాణంలో పనిచేసే మీలో కొందరికి ఈ శ్రమ పరిచయమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ సమాధానాన్ని విడిగా రాసుకొని, భాగం చివర ఇచ్చిన నమూనా సమాధానంతో సరిచూసుకోండి.
1. వ్యక్తిగత ఇబ్బందికి, బహిరంగ సమస్యకు తేడా ఏమిటి?
2. భావోద్వేగ శ్రమ అంటే ఏమిటి? మీ అనుభవం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

9.5 నవ్వు ఏం చేస్తుంది? మూడు వాదాలు

మొదటి వాదం: నవ్వు ఓదార్పు మాత్రమే. హోర్కహైమర్, థియోడర్ అడోర్నో 1940లలో కలిసి రాసిన 'జ్ఞానోదయపు గతితర్కం'లో సంస్కృతి పరిశ్రమ అనే భావనను ప్రతిపాదించారు. వారి దృష్టిలో వినోదం పని నుంచి విడుదల కాదు, పనికి కొనసాగింపు. మరుసటి రోజు పనికి మనిషిని సిద్ధం చేయడమే దాని పాత్ర. అమెరికాలో 1989లో మొదలైన 'డిల్బర్ట్' కార్టూన్ ఇంజనీర్లను వేధించే మేనేజర్లను ఎద్దేవా చేసి కోట్లమందిని నవ్వించింది. కంపెనీలే ఆ బొమ్మలను తమ అవసరాలకు వాడుకున్నాయి. పాత్రికేయుడు నార్మన్ సాలమన్ 1997లో దీనిపై ఒక పుస్తకమే రాశాడు. మధ్యస్థాయి మేనేజర్‌ను వెక్కిరిస్తూ, అతని పైన ఉన్నవారి జోలికి ఆ కార్టూన్ పోదని ఆయన విమర్శ. మీమ్‌ల విషయంలో మరొకటి చేరుతుంది. మీమ్ చూసినంతసేపు మన ధ్యాస ప్రకటనదారులకు అమ్ముడుపోతుంది. పనిపై మన విసుగు కూడా ఎవరికో ఆదాయమవుతుంది.

రెండవ వాదం: నవ్వు ప్రతిఘటన. జేమ్స్ స్కాట్ మలేషియాలోని కెడా రాష్ట్రంలో ఒక వరి పండించే గ్రామంలో ఉండి 1985లో 'బలహీనుల ఆయుధాలు' అనే అధ్యయనాన్ని ప్రచురించాడు. పేదలు తిరుగుబాటు చేయడం లేదు కాబట్టి అణచివేతను ఒప్పుకున్నారనుకోవడం పొరపాటని ఆయన చూపించాడు. పనిలో నెమ్మది, తెలియనట్లు నటించడం, చాటున మారుపేర్లు పెట్టడం, చెప్పుకు నవ్వుకోవడం కూడా ప్రతిఘటన రూపాలే. అధికారం ముందు మాట్లాడేది ఒకటి, చాటున మాట్లాడేది మరొకటి. రెండవదాన్ని ఈ పాఠంలో 'చాటు మాట' అందాం. (చాటు పద్యంలోని చాటు ప్రియమైన మాట అనే అర్థమున్న సంస్కృత పదం. మరుగు అనే అర్థమున్న చాటు వేరు.) మేనేజర్ లేని వాట్సాప్ గ్రూపు నేటి ఉద్యోగుల చాటు మాటకు చోటు. యజమాని ముందు చేతులు కట్టుకొని, వెనుక తిట్టుకొనే అరగుండు మనకు ఎందుకు నచ్చుతాడో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

మూడవ వాదం: నవ్వు ఒక ఆట. మైకేల్ బురవాయ్ 1970లలో అమెరికాలోని ఒక యంత్ర కర్మాగారంలో కార్మికుడిగా పనిచేసి, 1979లో తన పరిశీలనను ప్రచురించాడు. కార్మికులు ఇంత కష్టపడి ఎందుకు పనిచేస్తారన్నది ఆయన ప్రశ్న. లక్ష్యాన్ని మించి చేయడాన్ని వారు ఒక ఆటగా మార్చుకున్నారు. ఆట వల్ల విసుగు తగ్గింది. కానీ ఆటలో పాల్గొంటే దాని నియమాలను ఒప్పుకున్నట్లే. మీమ్ పంచుకోవడం కూడా ఇలాంటిదే కావచ్చు. వ్యవస్థపై నవ్వుతూనే, ఆ నవ్వు సాయంతో వ్యవస్థలో రోజులు గడుపుతాం.

ఈ మూడింటిలో ఏది సరైనది? ఒకే మీమ్ మూడు పనులూ చేయగలదు. అది ఏ పని చేస్తుందన్నది బొమ్మలో లేదు. దాన్ని ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారు, నవ్విన తరువాత ఏం జరిగింది అన్నదానిలో ఉంది. కంపెనీ పండుగలో తెరపై వేసిన సోమవారం మీమ్ ఓదార్పు. అదే మీమ్ 'మన జట్టులో అందరికీ ఇలాగే ఉందా?' అన్న ప్రశ్నతో గ్రూపులోకి వస్తే అది సంభాషణకు మొదలు.

9.6 ఒక ఉదాహరణ: పని గంటలపై మీమ్‌లు

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి ఒక ముఖాముఖిలో, దేశం ముందుకు పోవాలంటే యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ తన ఉద్యోగులతో మాట్లాడిన వీడియో బయటికి వచ్చింది. అందులో ఆయన వారానికి 90 గంటల పని గురించి, ఆదివారాలు కూడా పనిచేయించడం గురించి మాట్లాడారు. ఇంట్లో భార్య ముఖం ఎంతసేపు చూస్తూ కూర్చుంటారన్న అర్థంలో ఆయన అన్న మాటపై దేశమంతా మీమ్‌లు వెల్లువెత్తాయి. తెలుగు ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఉన్న హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోనూ అవి బాగా తిరిగాయి.

మొదట లెక్క చూద్దాం. వారానికి 70 గంటలంటే ఆరు రోజుల వారంలో రోజుకు 11 గంటల 40 నిమిషాలు. వారానికి 90 గంటలంటే ఒక్క రోజు కూడా సెలవు లేకుండా రోజుకు దాదాపు 12 గంటల 51 నిమిషాలు. వారంలో ఉన్నవే 168 గంటలు. ప్రయాణం, నిద్ర, తిండి ఇందులోనే జరగాలి.

తరువాత చరిత్ర చూద్దాం. పని దినం ఎంత ఉండాలన్నది ప్రకృతి నిర్ణయించదు. యజమానులకు, కార్మికులకు మధ్య పోరాటం నిర్ణయిస్తుందని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో (1867) సుదీర్ఘంగా వివరించాడు. 1886 మేలో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోసం సమ్మె చేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి గురించి. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం కూడా వయోజన కార్మికులకు వారానికి 48 గంటల పరిమితి పెట్టింది.

ఈ నేపథ్యం తెలిసినవారికి, తెలియనివారికి ఆ మీమ్ ఒకే విధంగా కనిపించదు. తెలియనివారికి అది ఒక పెద్దమనిషి నోరుజారడంపై జోకు. తెలిసినవారికి, శతాబ్దానికి పైగా పోరాడి తెచ్చుకున్న ఒక హద్దు మళ్ళీ చర్చకు వచ్చిందన్న హెచ్చరిక. మీమ్ ఒక వ్యక్తిని ఎగతాళి చేసి ఆగుతుంది. సిద్ధాంతం ఆ మాట వెనుక ఉన్న పాత తగాదాను చూపిస్తుంది.

నవ్వు చర్యగా మారడానికి మరొకటి కూడా కావాలి. 2024 జూలైలో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల పని గంటలను రోజుకు 14 వరకు పెంచేందుకు వీలిచ్చే ప్రతిపాదన వార్తల్లోకి వచ్చింది. అక్కడి ఐటీ ఉద్యోగుల సంఘం దాన్ని బహిరంగంగా వ్యతిరేకించింది. మీమ్‌లు కోపాన్ని పంచాయి. కానీ ప్రభుత్వంతో మాట్లాడడానికి పేరు, చిరునామా ఉన్న సంఘం కావలసి వచ్చింది. మీమ్‌కు బలాన్నిచ్చే కర్తలేనితనమే ఇక్కడ దాని పరిమితి.

9.7 మీమ్‌లో కనబడనివారు

విమర్శనాత్మక పఠనం బొమ్మలో ఉన్నదాన్ని చదవడంతో ముగియదు. లేనిదాన్ని కూడా గమనించాలి.

ఆఫీసు మీమ్‌లలోని 'నేను' ఎవరు? సాధారణంగా ల్యాప్‌టాప్ ముందు కూర్చొనే, ఇంగ్లీషు వచ్చిన, నెల జీతం అందుకొనే ఉద్యోగి. అదే భవనంలో తెల్లవారక ముందే వచ్చి నేల తుడిచేవారు, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు, రాత్రి షిఫ్టు వారిని ఇంటికి చేర్చే క్యాబ్ డ్రైవర్ ఉంటారు. వీరు చాలాచోట్ల కాంట్రాక్టరు కింద పనిచేస్తారు. 70 గంటల వారం వారిలో చాలామందికి భవిష్యత్తు బెదిరింపు కాదు, ఇప్పటి జీవితం. ఏ పని ఏ కులానికి, ఏ ప్రాంతానికి చెందినవారి చేతికి వస్తుందన్న ప్రశ్న మీమ్ చట్రంలోకి రానే రాదు.

స్త్రీల విషయం కూడా ఇలాంటిదే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. హోష్‌చైల్డ్ 1989లో ఉద్యోగినుల ఇంటి చాకిరీని 'రెండవ షిఫ్టు' అన్నది. ఆదివారం భార్య ముఖం చూడడంపై వచ్చిన మీమ్‌లు భర్తల తరఫున నవ్వించాయి. ఆ ఆదివారం వంటింట్లో ఎవరున్నారని అడిగినవి తక్కువ. 90 గంటలు పనిచేసే మనిషికి అన్నం వండిపెట్టే మరొక మనిషి కావాలి. ఆమె గంటలు ఆ లెక్కలోకి రాలేదు.

9.8 మీమ్‌ను చదివే పద్ధతి

ఏ ఆఫీసు మీమ్‌నైనా విశ్లేషించడానికి ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? అసలు సందర్భంలో ఏముంది, ఏది కత్తిరించారు?
2. ఏ అనుభవాన్ని చెబుతోంది? అది ఒక్కరిదా, చాలామందిదా?
3. ఎవరిని తప్పు పడుతోంది? వ్యక్తినా, ఏర్పాటునా?
4. ఎవరు కనబడడం లేదు?
5. నవ్విన తరువాత ఏం చేయమంటోంది? ఓర్చుకోమంటోందా, మాట్లాడమంటోందా?

మంటల్లోని కుక్క బొమ్మకు వీటిని అన్వయిద్దాం. మీమ్‌గా తిరిగేది అసలు కామిక్‌లోని మొదటి రెండు గడులే. మిగిలిన గడుల్లో కుక్క కాఫీ తాగుతూ, తనకు తాను సర్దిచెప్పుకుంటూ, చివరికి మంటకు కరిగిపోతుంది. మీమ్ ఆ ముగింపును కత్తిరించింది (1). గడువులు మీదపడుతున్నా బాగానే ఉన్నామని నటించే అనుభవం చాలామందిది (2). మంట ఎవరు పెట్టారో బొమ్మ చెప్పదు. తప్పంతా కుక్క మూర్ఖత్వంలా కనబడుతుంది (3). గదిలో మరెవరూ లేరు. ఆర్పడానికి రాగలవారు గాని, కాలిపోతున్న ఇతరులు గాని కనబడరు (4). ముగింపు లేదు కాబట్టి ఓర్పు ఎప్పటికీ కొనసాగవచ్చన్నట్లు ఉంటుంది (5). పూర్తి కామిక్ ఒక హెచ్చరిక. రెండు గడుల మీమ్ ఒక సర్దుబాటు.

9.9 సారాంశం

మీమ్ తెలిసిన చట్రంలో మారే మాటతో, కర్త లేకుండా తిరుగుతుంది. ఆఫీసు మీమ్‌లు పరాయీకరణను, అర్థంలేని పనిని, భావోద్వేగ శ్రమను, కంపెనీల భావజాలాన్ని పండితుల భాష లేకుండానే పట్టుకుంటాయి. 'ఇది నా ఒక్కడి బాధ కాదు' అని తెలియజేయడం వాటి మేలు. కారణాన్ని చూపకపోవడం, కొందరిని చూపకపోవడం, నవ్వుతో ఆగిపోవడం వాటి పరిమితి. నవ్వు ఓదార్పు అవుతుందా, ప్రతిఘటన అవుతుందా అన్నది బొమ్మపై కాక, దాన్ని పంచుకున్న మనుషులపై ఆధారపడుతుంది. ఈసారి ఒక మీమ్ మిమ్మల్ని నవ్వించినప్పుడు, పంపే ముందు ఒక్క క్షణం ఆగి 'ఇది నిజమే, కానీ ఇలా ఎందుకుంది?' అని అడగండి. ఈ పాఠం ఉద్దేశం అంతే.

9.10 ముఖ్య పదాలు

పరాయీకరణ: తన శ్రమ, దాని ఫలితం, తోటివారు, తన స్వభావం తనకు పరాయివిగా మారడం.
భావజాలం: కొందరి ప్రయోజనాన్ని అందరి ప్రయోజనంగా చూపే ఆలోచనల సముదాయం.
భావోద్వేగ శ్రమ: జీతం కోసం తన భావాలను అణచుకోవడం లేదా మలచుకోవడం.
సంస్కృతి పరిశ్రమ: వినోదాన్ని సరుకుగా తయారుచేసి, ఉన్న వ్యవస్థను నిలబెట్టే ఏర్పాటు.
చాటు మాట: అధికారానికి వినబడకుండా, అణగినవారు తమలో తాము మాట్లాడుకొనే మాట.

9.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. ఒక వ్యక్తి జీవితానికి పరిమితమై, అతని పరిస్థితుల్లోనే పరిష్కారం దొరికేది వ్యక్తిగత ఇబ్బంది. చాలామందికి ఒకే విధంగా కలుగుతూ, సమాజ నిర్మాణంలో కారణాలు ఉన్నది బహిరంగ సమస్య.
2. ఉద్యోగానికి అవసరమైన భావాన్ని చూపడానికి తన అసలు భావాన్ని అణచుకోవడం లేదా మార్చుకోవడం భావోద్వేగ శ్రమ. ఉదాహరణ: ఖాతాదారు గట్టిగా తిడుతున్నా కౌంటర్‌లోని ఉద్యోగి ప్రశాంతంగా, నవ్వుముఖంతో మాట్లాడడం.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆఫీసు మీమ్‌లకు పరాయీకరణ భావనను అన్వయించి వివరించండి.
2. ఉద్యోగుల నవ్వు ఓదార్పా, ప్రతిఘటనా? మూడు వాదాలను పరిశీలించి మీ అభిప్రాయం రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మీమ్‌కు, చాటు పద్యానికి ఉన్న పోలికలను తెలపండి.
2. 'మనమంతా ఒక కుటుంబం' అనే మాటను భావజాలంగా విశ్లేషించండి.
3. మీరు ఇటీవల చూసిన ఒక ఆఫీసు మీమ్‌ను 9.8లోని ఐదు ప్రశ్నల సాయంతో విశ్లేషించండి.